పట్టా మీద నికనోర్ సిలువ

ఆ కుర్చీ వద్దమ్మా, దాని కాలు ఊడొస్తోంది, ఇలా స్టవ్వు పక్కకి ఇంకోటి లాక్కో. బీన్సు పొయ్యి మీద ఉన్నాయి, ఇంకో గంట పడుతుంది, తినే వెళ్లాలి, నాకు సాకులు చెప్పకు. ఏమన్నావ్? మీ తాత గురించా? చెంచో గురించి అడగడానికి ఇంత దూరం వచ్చావా, అదీ ఆ పసుపు కోటుతోటే? పట్టాల్లో పగుళ్లు కనిపెట్టే బండి మీద ఉద్యోగం అన్నారులే మీ వాళ్లు. మంచిదే. మీ తాత వింటే నవ్వేవాడు, నా బొటనవేలికి చక్రాలు కట్టారన్నమాట అని. ఏదీ, ఆ కాగితం ఇటు తే. నా కళ్లకి ఆనదు, నువ్వే చదువు. ఊఁ. "క్రెసెన్సియో బరాహాస్, గ్యాంగు మేస్త్రీ, కంపెనీ పట్టాను ఉలితో చెక్కి పాడుచేసినట్టు తానే ఒప్పుకున్నందున తొలగించడమైనది." క్రెసెన్సియో అంట, మాకెప్పుడూ చెంచోనే. అంతే రాశారా? అంతేలే, వాళ్లకి అంతకంటే ఏం కావాలి. ఒప్పుకున్నందున. అబద్ధమేం కాదు, ఒప్పుకున్నాడు, నేను పక్కనే ఉన్నాను, ఈ చెవులతో విన్నాను. కానీ చెక్కింది మీ తాత కాదు ఒటీలియా. నేను. లిబ్రాదోని. అదిగో, చెప్పేశాను. నలభై ఆరేళ్లు పట్టింది ఆ ఒక్క ముక్క నోట్లోంచి రావడానికి. లేవకు, కూర్చో. మొత్తం విను, తర్వాత తిడుదువుగాని.

మీ తాతని నువ్వెప్పుడు చూశావ్, నువ్వు పుట్టేసరికే పోయాడు కదా. ఫొటోల్లో ఉన్నంత పొడుగు కాదు, ఆ టోపీ అలా కనిపింపజేస్తుంది. నాకంటే పధ్నాలుగేళ్లు పెద్ద. కాఫీ చేశాడంటే గ్యాంగులో ఎవడూ రెండో గుటక వేసేవాడు కాదు, తారు కాచినట్టుండేది, మళ్లీ అడిగి మరీ పోసేవాడు. మొండి. అబ్బ, ఏం మొండి. ఒక మేకు వంకర దిగితే దాన్ని పీకించి, ఆ బొక్కలో కర్ర ముక్క దిగ్గొట్టించి, మళ్లీ కొట్టించేదాకా భోజనానికి వదిలేవాడు కాదు. "ఆకలేస్తోంది మేస్త్రీ" అంటే "పట్టాకి కూడా వేస్తుంది, దానికి ముందు పెట్టు" అనేవాడు. నలభై మైళ్ల లైను మాది, నది వంతెన దాకా, మధ్యలో చక్కెర ఫ్యాక్టరీ. రోజూ కొంత నడిచేవాడు, గ్లవ్సు తీసేసి, వంగి, పట్టా అంచు మీద బొటనవేలు రాస్తూ. నెబ్రాస్కా చలిలో గ్లవ్సు తీసేవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను. కళ్లకి కనపడంది గోరుకి తగులుతుందనేవాడు. మేం వెనకనుంచి వెక్కిరించేవాళ్లం, మేస్త్రీ పట్టాకి జ్వరం చూస్తున్నాడ్రా అని. అలాగే రాసుకుంటూ పోయేవాడు.

అసలు సంగతి సిలువల దగ్గర మొదలైంది. నీకు తెలుసో లేదో, మీరు కొలరాడోలో పెరిగారు. మా స్పానిష్ మాట్లాడేవాళ్లలో మనిషి ప్రాణం ఎక్కడ పోతే అక్కడ ఒక సిలువ పాతుతాం. శ్మశానంలోది వేరు, అది ఒంటికి. ఇది ప్రాణం పోయిన చోటుకి. రోడ్డు పక్కన పాతితే ఎవడూ ఏమీ అనడు. పట్టాల పక్కన పాతితే మాత్రం కంపెనీ వాళ్లు కలుపు మొక్కలతోపాటు పీకి పారేసేవాళ్లు. మా నాన్నల కాలంలో ఎవడో తెలివైనవాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. పట్టాకి తల ఉంటుంది, నడుం ఉంటుంది, పాదం ఉంటుంది. ఆ పాదం అంచున, బయటి వైపు, ఉలి పెట్టి సమ్మెటతో నాలుగు దెబ్బలు. బొటనవేలి గోరంత సిలువ. కంకర కాస్త ఎగదోస్తే పైవాళ్లకి కనిపించదు, తెలిసినవాడికి కనిపిస్తుంది. పట్టాని పీకి పారెయ్యరు కదా. నలభై మైళ్లలో అలాంటివి తొమ్మిది ఉండేవి. నవంబరు రెండున, చనిపోయినవాళ్ల పండగనాడు, ఆడవాళ్లు బంతిపూలు పట్టుకుని వెళ్లి అక్కడ పెట్టొచ్చేవాళ్లు, మేం జెండా పట్టుకుని కాపలా కాసేవాళ్లం. మీ తాత కూడా కాశాడు. ఆయన కూడా ఒకటి చెక్కాడు కుర్రతనంలో, వాళ్ల బాబాయికి. మాకది పాపమని ఎవరికీ తోచలేదు. అంత లావు ఇనుముకి ఆ గీత ఒక లెక్కా, ఏనుగు మీద దోమ వాలినట్టు అనుకునేవాళ్లం.

తొమ్మిదోది మా నికనోర్‌ది. మా తమ్ముడు. ఇరవై మూడేళ్లు. ట్రాలీ తిరగబడింది, పద్దెనిమిదో మైలు దగ్గర, చక్కెర బీట్ తోట మలుపులో. ఆ రోజు ట్రాలీ మీద వెళ్లాల్సింది నేను. పన్ను నొప్పి అని ఇంట్లో పడుకున్నాను, వాడు నా బదులు వెళ్లాడు. అంతే, ఇంకేం చెప్పను. పన్ను నొప్పి. మర్నాటికల్లా తగ్గిపోయింది కూడా. అంత్యక్రియలయిన నాలుగో రోజు ఉలి పట్టుకుని వెళ్లి చెక్కాను. మిగతావాళ్లవి నాలుగు దెబ్బలైతే నేను ఎన్ని కొట్టానో నాకే తెలీదు, లోతుగా, అడ్డగీత సరిగ్గా అంచు దాకా వెళ్లేట్టు. కొట్టిన కొద్దీ కొట్టాలనిపించింది. నువ్వు తల ఊపుతున్నావంటే నీకు అర్థమైందన్నమాట. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఏడేళ్లు బానే గడిచింది. ఈలోగా బొగ్గు బళ్లు మొదలయ్యాయి. అంతకు ముందు మా లైను మీద నడిచేవి బీట్ దుంపల బళ్లు, గోధుమ బళ్లు. వయోమింగ్ బొగ్గు వచ్చాక రోజుకి పది, పన్నెండు, ఒక్కోటి నూటపది పెట్టెలు, పెట్టె పెట్టెకీ నేల దిగబడేది. పట్టా పాదం కిందకి వంగి లేస్తుంటే కళ్లతో చూసేవాళ్లం. డెబ్భై ఎనిమిది ఆగస్టులో తూర్పున, మాది కాని గ్యాంగు దగ్గర, పట్టా విరిగి బండి పడిపోయింది. ఎవరూ పోలేదు, బొగ్గు మాత్రం కొండలా పడింది. సాయానికి మమ్మల్ని పంపారు. మేమంతా పారలు పట్టుకుంటే మీ తాత విరిగిన పట్టా ముక్క దగ్గర చతికిలబడ్డాడు. కంపెనీ ప్రయోగశాల నుంచి ఒక ముసలాయన వచ్చాడు, భూతద్దం మెడలో వేలాడేసుకుని. ఇద్దరూ ఒకే ముక్క మీద వంగి మాట్లాడుకుంటున్నారు, ఆయనకి స్పానిష్ రాదు, మీ తాతకి ఇంగ్లీషు అంతంత మాత్రం, గంటన్నర మాట్లాడుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో, ఊరు దగ్గరపడ్డాక చెప్పాడు. విరిగిన చోట ఇనుమంతా పంచదార పలుకుల్లా మెరుస్తోందట. ఒక మూల మాత్రం గోరంత మేర నల్లగా, నున్నగా, నెలవంకలా ఉందట. ఆ నెలవంక మొదలైన చోట ఎప్పుడో ఎవడో మేకు తప్పి సమ్మెటతో పాదం అంచు మీద కొట్టిన గాటు. "ఒక్క దెబ్బ, లిబ్రాదో. ఎప్పుడు కొట్టాడో ఏమో. ఆ గాటు దగ్గర చిన్న బీట పుడుతుందట. బండి వెళ్లినప్పుడల్లా వెంట్రుకలో వెయ్యోవంతు సాగుతుందట. పైకి ఏమీ కనిపించదు. ఒక చలి రోజున పట్టా ముడుచుకుని బిగుసుకుంటుంది, పైన బండి, అంతే, ఫట్. నున్నగా ఉన్న పట్టా యాభై ఏళ్లు మోస్తుందట. గాటు పడ్డ పట్టా రోజులు లెక్కపెట్టుకుంటూ మోస్తుందట." అని నా వంక చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇద్దరికీ ఒకటే తట్టిందని నాకు తెలుసు.

మర్నాడే మొదలుపెట్టాడు. ముందు తన బాబాయి సిలువ. ఒక ఆకురాయి తీసుకుని, అటొక జానెడు ఇటొక జానెడు, గీత ఆనవాలు లేకుండా, పట్టా పొడుగునా రాశాడు, అడ్డంగా రాయకూడదట, అది ఇంకో గాటవుతుందట. చెయ్యి పెట్టి చూస్తే నీళ్లలో గులకరాయిలా నున్నగా ఉండాలి. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఊరికే వెళ్లలేదు, కంచె అవతల బీట్ తోటల వాళ్లని ఒక్కొక్కణ్ణీ బతిమాలి, ప్రతి చోటా ఒక చాపంత జాగా సంపాదించాడు. చెక్క సిలువలు తనే చేశాడు. "ఇక్కడ కంపెనీ చెయ్యి వెయ్యలేదు, పూలు ఇక్కడ పెట్టుకోండి" అని. సులువేం కాదు. సీస్టో పెళ్లాం, మొగుడు వంతెన దగ్గర పోయాడు, రెండుసార్లు తలుపేసేసింది మొహాన. "బతికున్నప్పుడు ఆయన్ని అరిగేదాకా వాడుకున్నారు, ఇప్పుడు ఆ గీతని కూడా అరగదీస్తారా" అంది. మూడోసారి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. చివరికి ఆవిడే బయటికొచ్చి, తోర్తియా రొట్టెలో కూరపెట్టి చేతికిచ్చి, "పో, రాసుకో, నీ మొండితనం పాడుగాను" అంది. అలా ఎనిమిది.

తొమ్మిదోది నాది. నేను ఒప్పుకోలేదు.

నాతో ఎన్ని రకాలుగా మాట్లాడాడో. పనిలో, చర్చి బయట, మా ఇంటి గేటు దగ్గర. ఒకసారి నా భోజనం డబ్బాలో ఆకురాయి పెట్టాడు. "నువ్వే రాయి, నేను ముట్టుకోను" అన్నాడు. విసిరేశాను. నువ్వు మేస్త్రీవి, చెయ్యదలచుకుంటే నన్నడగడం ఎందుకు అన్నాను. "చచ్చినవాడి గుర్తు చెరపడానికి బతికున్నవాళ్లని అడగాలి" అన్నాడు. చూడు, ఆయన మొండితనం అక్కడ ఆగిపోయింది. ప్రపంచంలో ఎవడి మాటా వినేవాడు కాదు, ఆ ఒక్క దగ్గర విన్నాడు. చివరికి, "సరే, నీతో లాభం లేదు, దోన్యా హసింతాని అడుగుతాను" అన్నాడు. మా అమ్మ. పెద్దావిడ కదా, అందరూ దోన్యా అనే పిలిచేవాళ్లు. నేను వెంటనే అన్నాను, అమ్మని నేను అడిగాను చెంచో, వల్లకాదంది, ఏడ్చింది, నువ్వెళ్లి మళ్లీ ఏడిపించకు అని. తలొంచుకుని వెళ్లిపోయాడు. అది సెప్టెంబరు. నవంబరు రెండున మా అమ్మ బంతిపూలు తెచ్చి పెట్టింది, శాలువా అంచుతో సిలువ మీద దుమ్ము తుడిచింది. మీ తాత జెండా పట్టుకుని ఇరవై గజాల అవతల నిలబడ్డాడు. ఒక్క మాట కూడా అనలేదు ఆవిడతో. అమ్మ ఇంటికొస్తూ, చెంచోకి ఒంట్లో బాలేదా, పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడు అంది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున్నే, ఎక్కడ పని ఉన్నా ముందు పద్దెనిమిదో మైలుకి వెళ్లేవాడు. చూసి, గోరు పెట్టి రాసి, అప్పుడు పనిలోకి. సూపర్వైజరు హాల్వర్సన్‌ని పట్టా మార్చమని అడిగాడు రెండుసార్లు. ఆయన ముక్కుతో మాట్లాడేవాడు, "బరాహాస్, కారణం రాయి, కారణం లేకుండా పట్టా ఎక్కణ్ణించి తేను" అని. కారణం ఏమని రాస్తాడు? రాస్తే సిలువ సంగతి రాయాలి, గ్యాంగు మొత్తం పోతుంది. "నా బొటనవేలు చెబుతోంది" అన్నాడట. హాల్వర్సన్ వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వాడు.

జనవరి పదకొండు. సున్నాకి ఇరవై రెండు కింద. ఉమ్మితే నేల తాకేలోపు గడ్డకట్టేది. తెల్లారాక ఎనిమిదిన్నరకి ఇద్దరం వెళ్లాం. మంచు ఊదేసి వంగాడు. సిలువ అడ్డగీత చివర నుంచి అంచు కిందకి ఒక ఎర్ర దారం. తుప్పు. ఇనుము లోపల తడి పీల్చి కక్కితే అలా వస్తుంది, నీకు తెలుసు కదా. నాకు చూపించలేదు, నేనే చూశాను. ఆయన లేచి నిలబడి, "బండెప్పుడు?" అన్నాడు. ఎనిమిది యాభైకి బొగ్గు బండి. ఆ మలుపు దాటగానే ఫ్యాక్టరీ గేటు, తొమ్మిదింటి షిఫ్టు వాళ్లు పట్టాలు దాటుతుంటారు, మీ అమ్మమ్మ కూడా అప్పుడక్కడే పని. ఎర్రజెండా నా చేతికివ్వలేదు. తనే తీసుకుని పట్టాల మధ్య పడమటి వైపు పరుగెత్తాడు, యాభై రెండేళ్ల మనిషి, ఆ మంచులో, ఆ బూట్లతో. మైలు పైనే వెళ్లాడు. నూటపది పెట్టెల బండి ఆగాలంటే అంత దూరం కావాలి. నేను ఇవతల సిలువ దగ్గర నిలబడి చూస్తున్నాను. బండి ఈల వేసింది, మళ్లీ వేసింది, తర్వాత బ్రేకుల చప్పుడు పెట్టె పెట్టెకీ నా వైపు నడిచొచ్చింది. ఆగింది. ఇంజను నాకు రెండు వందల గజాల్లో ఉంది.

పదింటికి హాల్వర్సన్ వచ్చాడు, ముఖం కందగడ్డలా చేసుకుని. "నిక్షేపంలా ఉన్న పట్టా మీద నా బండి ఆపుతావా?" మీ తాత ఒకటే మాట. "తియ్యండి. తీశాక మాట్లాడదాం." డ్రైవరు దిగి తిట్టాడు, ఫోన్లో పైవాళ్లు తిట్టారు. "తియ్యండి." జెండా పట్టుకుని పట్టా మధ్యలో నిలబడ్డాడు, కదిలితే ఒట్టు. చివరికి తిక్క పుట్టి హాల్వర్సనే, "తియ్యండ్రా, ఏమీ లేకపోతే ఈయన్ని ఇవాళే ఇంటికి పంపుతాను" అన్నాడు. రంపంతో రెండు వైపులా కోసి, ముక్కని పైకెత్తి, స్లీపర్ల మీదకి నడుమెత్తు నుంచి వదిలాం. సిలువ దగ్గర రెండుగా విరిగింది. గాజు పలకలాగా. మీ తాత రెండో ముక్కని కాలితో తిప్పాడు. నెలవంక. నల్లగా. గోరంత. హాల్వర్సన్ టోపీ తీసేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ తర్వాత ఇంకా వంగి చూశాడు. "ఇది ఉలి గాటు. ఎవడు చెక్కాడు?"

గ్యాంగు ఆరుగురం వరసగా నిలబడ్డాం. నాకప్పుడు నలుగురు పిల్లలు, చిన్నదానికి మూణ్ణెల్లు. ఒక అడుగు ముందుకి వేద్దామనే అనుకున్నాను. వేద్దామనుకోవడం వేరు, వెయ్యడం వేరు. మీ తాత, "నేను" అన్నాడు. ఎప్పుడు అంటే "ఏడేళ్లయింది" అన్నాడు. ఎందుకు అంటే "మేకు మీద కోపమొచ్చి" అన్నాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మేకు తప్పని మనిషి. హాల్వర్సన్‌కి తెలుసు అది అబద్ధమని, కానీ కాగితానికి ఒక పేరు కావాలి కదా. అదే నువ్వు చదివింది.

ట్రక్కులో నేను ఏడిస్తే విసుక్కున్నాడు. "ఊరుకో. సెప్టెంబరులో నా చేతిలో ఆకురాయి ఉంది. అప్పుడు రాస్తే పది నిమిషాల పని, బీట పుట్టేదే కాదేమో. నేను మేస్త్రీని, మీ అమ్మ కన్నీళ్లకి జంకాను. అది నా తప్పు, నా పేరు రాసుకుంటే న్యాయమే" అన్నాడు. "పద, దోన్యా హసింతాకి నేనే చెప్పాలి, సిలువ పోయిందని. నువ్వు చెబితే వంకరగా చెబుతావు."

నాలుగింటికి వెళ్లాం. అమ్మ కుట్టుమిషను ముందు ఉంది, ఎవరి పిల్లకో చర్చి గౌను కుడుతోంది. చెంచో టోపీ తీసి అంతా చెప్పాడు, తన ఉద్యోగం సంగతి తప్ప. గాటు ఎలా సాగుతుందో, చలికి ఎలా తెగుతుందో. అమ్మ మిషను ఆపి, ఒక గుడ్డ ముక్క తీసి, కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని లాగింది. చర్రున చినిగింది. "ఇలాగా?" అంది. "ఇలాగే దోన్యా" అన్నాడు. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" ఆగస్టులో అన్నాడు. అమ్మ కళ్లజోడు తీసింది. "మరి నన్నెవరూ అడగలేదేం? అడిగితే ఆ ఆకురాయి నేనే పట్టుకుందునే. నా కొడుకు గుర్తు కోసం ఇంకో తల్లి కొడుకు పోవాలా? ఎవరైనా వచ్చి ఒక్క మాట అడగొచ్చు కదా."

చెంచో నా వైపు తిరిగి చూశాడు. ఎంతసేపు చూశాడో. మిషను మీద సూది పైకి లేచి ఆగి ఉంది, అది చూస్తూ నిలబడ్డాను నేను. తర్వాత ఆయన మా అమ్మతో, "తప్పు నాదే దోన్యా. అడుగుదామని అనుకుంటూనే మరిచిపోయాను. క్షమించు" అన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, వెళ్లొస్తాను అని వెళ్లాడు. మార్చిలో మీ వాళ్లంతా కొలరాడో వెళ్లిపోయారు. స్టేషనులో సామాను నేనే ఎక్కించాను. అప్పుడు కూడా ఆ సంగతి ఎత్తలేదు, పిల్లలు జాగ్రత్త అన్నాడు అంతే. నేను అదే గ్యాంగులో ఇంకా పంతొమ్మిదేళ్లు చేశాను. మా అమ్మ పోయేదాకా అంటూనే ఉండేది, ఆ చెంచో ఎంత మంచివాడో అంత మతిమరుపువాడు పాపం అని. నేను...

ఆ కిటికీ వెయ్యమ్మా. గాలి కొడుతోంది.